మొదటి గింజ పేరు

తార్నాక,
14 జులై 1968

చెల్లె ఉప్పలమ్మకు,

పిల్ల బాగుంది. ముందు ఆ మాట రాయకపోతే మిగతా ఉత్తరం నువ్వు చదవవు. సమ్మి వచ్చిన రోజు నుంచీ మీ వదిన సరోజమ్మ కొంగు వదలడం లేదు. ఆమెది కర్నూలు మాట, దీనిది జనగామ మాట, ఒకరి మాటకు ఒకరు నవ్వుకోవడంతోనే పొద్దు గడిచిపోతోంది. "మామా, గీడ బర్లు లేవా?" అని అడిగింది. గేదెలా, యూనివర్సిటీలో బోలెడున్నాయి, నల్ల గౌన్లు వేసుకుని పాఠాలు చెబుతాయి అన్నాను. నిజమే అనుకుని, చూపించమని రోజూ వెంటపడుతోంది.

మా టీచర్ల శిక్షణ కాలేజీ దగ్గరి బడిలో రెండో తరగతిలో చేర్చాను. పల్లెబడిలో నీ ఒక్క గదిలో అయిదు తరగతుల మధ్య నలిగిపోతుందని పట్టుబట్టి తెప్పించింది నేనే కదా. ఇక్కడి సంగతి చూశాక నోరు చేదెక్కింది. తలుపు దగ్గర నిలబడి విన్నాను. పిల్లలంతా ఊగుతూ పదహారో ఎక్కం పాడుతున్నారు. పాట ఆగాక, గట్టిగా పాడిన ఒక పిల్లను పిలిచి, డబ్బాలోంచి పదహారు బలపాలు తీసివ్వమన్నాను. పిడికెడు తీసి ఇచ్చింది. ఎన్ని అంటే మళ్లీ ఎక్కం అందుకుంది! చెల్లె, చిలక కూడా జామకాయను చూసే జామకాయ అంటుంది. వీళ్లు చిలక కంటే దిగువకు దించుతున్నారు మనుషుల పిల్లల్ని. రేపు వీళ్లే భాగహారం దగ్గర కూలబడితే "బుర్ర లేదు" అంటారు. రాశి తెలియని పిల్లకు అంకె నేర్పడమంటే పొలం లేనివాడికి పట్టా ఇవ్వడమే.

ఇంకో మాట. మొన్న సరోజమ్మ చింతపండు గింజలు తీస్తుంటే సమ్మి పక్కన కూర్చుని లెక్కపెడుతోంది. "లాభం, రెండు, మూడు..." ఆరు దాటాక ఏడు అనదు, "ఆరున్నొక్కటి" అంటుంది. నాకు ఒళ్లు మండింది. మన అవ్వ, దాని అమ్మమ్మ, నేర్పిందే కదా? ఒకటి అనడం అశుభం, లాభం అనాలట; ఏడు అనడం అశుభం, ఏడుపట! దొర కల్లంలో మన నాయిన చెమటను కొలిచిన మాటలివి. మనం కొట్లాడి దొరను గడీ నుంచి తరిమితే, వాడి మాట పిల్లల నోట్లో దాక్కుందన్నమాట. "నా ఇంట్ల ఈ మాటలు మళ్ల ఇనవడద్దు" అని గట్టిగా చెప్పాను. తలూపింది. తెలివైన పిల్ల. ఒక్కసారి చెబితే చాలు.

అవ్వకు చెప్పు, మోకాళ్లకు నూనె పంపుతున్నానని.

నీ అన్న,
రాజలింగం


2 ఆగస్టు 1968

అన్నా,

నీ ఉత్తరం బళ్లో పిల్లలు పలకలు తుడుచుకునే సందున చదివాను. బర్ల దగ్గర నవ్వాను, ఎక్కాల దగ్గర కోపం వచ్చింది. అంత తేలిగ్గా ఎక్కాలను బొందపెట్టకు. నువ్వు శిక్షణ ఇచ్చే పెద్దవాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు. నా ముందు నేల మీద అరవై మంది కూర్చుంటారు. ఏడెనిమిదులు ఎంత అని ప్రతిసారీ పుల్లలు పేర్చుకుంటూ పోతే ఆ పిల్ల భాగహారం పూర్తిచేసేసరికి బడి గంట కొడతారు. ఎక్కం నోటికి రావాలి. కాకపోతే ముందు చేతికి రావాలి, కంటికి రావాలి, తర్వాత నోటికి. ఆ వరస తలకిందులైందని నువ్వంటే ఒప్పుకుంటాను. నిచ్చెన మంచిదే. గాలిలో నిలబెడితేనే పడిపోతాం. అందుకని నిచ్చెనలన్నీ తగలబెడదాం అంటే ఎట్లా?

సమ్మిని ఓనగుంటలు ఆడనివ్వు, మీ పుస్తకాల్లో వామనగుంటలు అంటారే, అవి. చిన్న సంచిలో చింతగింజలు పంపుతున్నాను. ఏ గుంట దగ్గర ఎత్తుకుంటే చివరి గింజ ఎక్కడ పడుతుందో, పంచకముందే చూపుతోనే చెబుతుంది. నన్ను ఎప్పుడూ ఓడిస్తుంది.

అవ్వకు నీ ఉత్తరం వినిపించాను. లాభం సంగతి మాత్రం దాటేశాను, ముసలిది మనసు కష్టపెట్టుకుంటుందని. నీ నూనె రాసుకుంటూ మనవరాలికి ఒక మాట రాయమంది: "ఏ గింజలు లెక్కవెట్టినా ఒకటి అని మొదలువెట్టద్దు బిడ్డా. ఒకటి అంటే ఇంట్ల ఒక్కటే మిగుల్తది." ఆమె తృప్తి కోసం వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇందులో పెట్టాను. కింద నా మాటగా "అమ్మమ్మ చెప్పినట్టు విను, మామ చెప్పినట్టు విను" అని రాశాను. సమ్మికి ఇవ్వు. చదువుకుంటుంది.

ఉప్పలమ్మ


తార్నాక,
20 సెప్టెంబరు 1968

చెల్లె,

ఈ ఉత్తరం ఉమ్మివేసినట్టు రాస్తున్నాను, ఏమనుకోకు.

బడిలో రమాదేవి అనే టీచరమ్మ పిలిపించింది. చీరకు ఇస్త్రీ, బెత్తానికి నూనె. "మీ మేనకోడలికి లెక్కపెట్టడం రాదండీ. బలపాలు ముందు పోసి లెక్కపెట్టమంటే మొదట నోరే తెరవదు. క్లాసంతా ఒకటి అంటుంటే ఊరుకుని రెండు దగ్గర అందుకుంటుంది. మధ్యలో మళ్లీ ఆగిపోతుంది. ఒక్క బలపం చూపించి ఎన్ని అంటే మొహంలోకి చూస్తుంది. బుర్ర ఎదగలేదు. మొదటి తరగతిలో వేస్తాం. దసరా సెలవుల తర్వాత కూడా ఇంతే అయితే పేరు కొట్టేస్తాం" అంది. కొట్టారా అని అడిగాను. "కొట్టకుండా చదువులు వస్తాయా?" అంది, నేనేదో బూతు మాట్లాడినట్టు చూస్తూ.

పలక మీద కూడికలు ఇచ్చి చూశాను. తప్పు పోలేదు. గింజలు పోసి నోటితో లెక్కపెట్టమంటేనే బిగుసుకుపోతోంది. నేను అడిగినా అంతే. మొదటి గింజను వేలితో పక్కకు జరుపుతుంది, పెదవులు కదలవు. కారణం ఏమిటో తెలియడానికి నాకు డాక్టరేటు అక్కర్లేదు. భయం! బెత్తం పిల్ల గొంతులో ఇరుక్కుంది. ఇంట్లో నేనేనాడూ దాని మీద చెయ్యెత్తలేదు.

ఊరుకుంటానా? ఉపాధ్యాయుల మాసపత్రికకు వ్యాసం రాశాను, "బెత్తం కింద అంకెలు" అని. ఈ నెలలోనే వేశారు. చూడడం, పోల్చడం, పంచడం, కలపడం రాకముందే అరుపులు నేర్పే బడి చదువును తోలు తీసి ఆరబెట్టాను. సమ్మి పేరు, ఊరు రాశాను. దాచడం పిరికితనం. పత్రిక మీ బడికీ వస్తుంది, చూడు.

రాజలింగం


6 అక్టోబరు 1968

అన్నా,

చూశాను. నాకంటే ముందు మా హెడ్మాస్టరు చూశాడు, ఆయన భార్య చూసింది. బావి దగ్గర నలుగురూ చూడకుండానే చదివేశారు. "పంతులమ్మ బిడ్డకే లెక్కలు రావట గద!" అని ఒకామె బిందె ఎత్తుకుంటూ నవ్వింది. కాజీపేట నుంచి వచ్చిన మీ బావ పత్రిక విసిరికొట్టాడు. "మీ అన్న కొట్లాడెతందుకు నా బిడ్డనే దొరికిందా?" అన్నాడు.

పిరికితనమట! నీ ధైర్యానికి మూల్యం ఏడేళ్ల పిల్ల చెల్లిస్తోంది. నీకు ఎప్పుడూ ఇంతే. ఎదురుగా ఉన్న మనిషి కంటే ఆ మనిషి వల్ల రుజువయ్యే సూత్రమే పెద్దగా కనబడుతుంది. టీచరమ్మకు సమ్మి మందబుద్ధి, నీకు సమ్మి ఉదాహరణ. ఇద్దరిలో ఎవరికీ అది పిల్ల కాదు.

ఇక నాకు తోచింది రాస్తాను, కోపం వస్తే రానీ. కల్లంలో అవ్వ పక్కన నిలబడి పెద్దవాళ్లకంటే ముందు లెక్క చెప్పిన పిల్ల ఇది. ఒక్క బెత్తానికి ఇంత మూగబోతుందా? ఇంట్లో ఏదో జరుగుతోంది. వదినకు పిల్లల్ని సాకిన అలవాటు లేదు. ఆమె మాటకు, ఆమె గద్దింపుకు బెదిరిందేమో చూసుకో.

ఉప్పలమ్మ


తార్నాక,
10 నవంబరు 1968

ఉప్పలమ్మా,

నీ ఉత్తరం సరోజమ్మ చదివింది. బల్ల మీద పెట్టడం నా పొరపాటు అనుకో. "నాకు బిడ్డల్లేరనే కదా ఆ యమ్మ అట్ల రాసింది? నా చేతి ముద్ద లేకుంటే ఆ పాప నిద్రే పోదే!" అని పొయ్యి దగ్గరే కూలబడింది. ఆ పూట ఇంట్లో ఎవరూ తినలేదు.

దానికంటే దరిద్రం చెబుతాను విను. మా దగ్గర గణిత బోధన మీద సదస్సు పెట్టారు. ఢిల్లీ నుంచి ఒక నిపుణుడు దిగాడు. నల్లబల్ల మీద రెండు వలయాలు గీసి, మధ్య భాగంలో గీతలు కొట్టి, వీటిని సమితులంటారు, ఇదే కొత్త గణితం అన్నాడు. మావాళ్లు ఆ వలయాలను దేవుడి పటానికి మొక్కినట్టు చూశారు. ఒక్కడూ పిల్లల మాట ఎత్తలేదు. పొద్దుటి నుంచీ విన్నాను. మధ్యాహ్నం వెళ్లి సమ్మిని తీసుకొచ్చాను. మీ బెత్తాలు, మీ వలయాలు కలిసి ఒక పిల్లను ఏం చేశాయో చూడండి అని వేదిక మీద కూర్చోబెట్టి, సుద్దముక్కలు పోసి, లెక్కపెట్టు బిడ్డా అన్నాను.

మొదటి ముక్క జరిపింది. మాట లేదు. తర్వాత "రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు" అంది. ఇంకో ముక్క జరిపింది. మాట లేదు. "ఎనిమిది" అంది. హాలంతా నవ్వింది. చెల్లె, చదువుకున్నవాళ్ల నవ్వు ఎట్లా ఉంటుందో తెలుసా? జేబురుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. మా ప్రొఫెసరు లేచి, "గ్రామీణ బాలలలో సంఖ్యాభావన లోపించుట గమనార్హం" అన్నాడు. నేను అరిచాను. మైకు లాక్కున్నారు. మైకు లేకుండానే అరిచాను. ఇంతలో సమ్మి సుద్దముక్కలన్నీ పెట్టెలో సర్ది, మూత పెట్టి, కిందికి దిగిపోయింది.

ఆ రోజు నుంచి ఏదీ లెక్కపెట్టదు. రొట్టెలెన్ని కావాలంటే చెయ్యి చాపుతుంది. నువ్వు పంపిన చింతగింజల సంచి తెచ్చి, "అత్తా, గివి పొయ్యిల ఏసెయ్యి" అని సరోజమ్మకు ఇచ్చేసింది. బడివాళ్లు పేరు కొట్టేశారు. సికింద్రాబాదులో మనసు జబ్బులు చూసే డాక్టరు ఉన్నాడట. నువ్వు ఊ అంటే తీసుకెళతాను.

రాజలింగం


19 నవంబరు 1968

అన్నా,

ఊ అనను. డాక్టరు దగ్గరికి పిల్లను కాదు, నిన్ను తీసుకెళ్లాలి.

నువ్వే రాశావు కదా: మొదటి ముక్క దగ్గర మౌనం, ఆరు తర్వాత మౌనం. ఆ మౌనం ఎక్కడుందో నువ్వు చూశావు, ఢిల్లీ నిపుణుడు చూశాడు, హాలంతా చూసింది. అక్కడ అంతకుముందు ఏ మాట ఉండేదో నీకు గుర్తు రాలేదా? లాభం అనద్దని నువ్వు చెప్పావు. ఒకటి అనద్దని అవ్వ చెప్పింది. ఇద్దరి మాటా వినమని నేను పెద్ద అక్షరాలతో రాశాను. ఇక ఆ పిల్ల మొదటి గింజను ఏమని పిలవాలి? ఆరున్నొక్కటి నువ్వు కాదన్నావు, ఏడు అవ్వ మొదటి నుంచీ కాదంది. అక్కడా నోరు మూసుకుంది. మనందరి మాటా నిలబెట్టింది అన్నా! దెబ్బలు తిని, పేరు కొట్టించుకుని, నలుగురిలో నవ్వులపాలై కూడా నిలబెట్టింది. లెక్క మాత్రం ఒక్క గింజ తప్పలేదు. ఎనిమిదో ముక్క దగ్గర ఎనిమిదే అంది. దాన్ని సంఖ్యాభావన లోపమన్నారు మీ సంఖ్యాపండితులు.

దొర మాట, మూఢత్వం అన్నావు. భయంలోంచి పుట్టిన మాటే, కాదనను. రేపు దానికి నేనే చెబుతాను, ఒకటి అంటే ఏ ఇల్లూ కూలదని. కానీ తీసేసేముందు దాని లోపల ఏముందో చూశావా? "ఆరున్నొక్కటి" అన్న పిల్లకు ఏడు ఒక ముద్ద కాదు. విడదీస్తే విడిపోతుంది, కలిపితే కలుస్తుంది. కూడిక అంతకంటే ఏమిటి? రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని వడ్లు కొలుస్తూ చేత్తో పోసిన పిల్లకు అర, పావు అనేవి కొత్త పాఠాలా? ఎత్తకముందే చివరి గింజ పడే గుంట చెప్పే పిల్లకు భాగహారం, శేషం అంటే బెదురా? రేపు వచ్చే గణితానికంతా మొదలు ఆ చేతుల్లో ఉంది. బడి ఆ మొదలు మీద కట్టాలి. బడి బెత్తంతో నరికింది. నువ్వు విప్లవంతో నరికావు. చెట్టుకు తేడా తెలుస్తుందా?

ఇంకో సంగతి మరిచిపోయావు. దొరతో కొట్లాడిన సంఘం రోజుల్లో, ఎక్కువ వడ్లు పట్టే దొర దొంగ కుంచాన్ని పట్టుకున్నది కూడా లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టినవాళ్లే.

వదినను నానా మాటలూ అన్నాను. ఆమె కాళ్ల మీద పడడానికే వస్తున్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను. సమ్మిని తీసుకెళతాను.

ఉప్పలమ్మ


తార్నాక,
26 నవంబరు 1968

చెల్లె,

రా. పిల్ల బట్టలు సరోజమ్మ సర్దుతోంది, సర్దినవి మళ్లీ తీస్తోంది.

లాభం అనే మాటను నేను వెనకేసుకురాను, రాసిపెట్టుకో. నా వాదన వాదనే. ఒక పిల్ల నోట్లోంచి ఒక మాట తీస్తే ఆ చోట ఇంకో మాట పెట్టాలని మా శిక్షణ పుస్తకాల్లో ఎక్కడా లేదు. రాసినవాళ్లు ఎన్నడూ పిల్లతో గింజలు లెక్కపెట్టించి ఉండరు. వాళ్ల మీద రాస్తాను.

నీ ఉత్తరం అందిన రోజు సమ్మిని పిలిచి, "ఇగ ఏమన్నా అను బిడ్డా, లాభమన్నా సరే, ఒకటన్నా సరే" అన్నాను. పరీక్ష పెడుతున్నాననుకుంది. "నాకు లెక్కలు రావు మామా" అంది.

ఆదివారం నాకు కాచిగూడలో మీటింగు ఉంది. నువ్వు వచ్చేసరికి ఇంట్లో ఉంటానో లేదో.

రాజలింగం


15 డిసెంబరు 1968

అన్నా,

లేవు. ఉండవని తెలుసు. నిపుణుల మీద మైకు లేకుండా అరవగలవు కానీ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లను చూడలేవు.

వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. చింతగింజలు పొయ్యిలో వేయలేదట, ఉప్పు జాడీ వెనక దాచింది. తెచ్చి నా చేతిలో పెట్టి, "ఆడతానంటేనే ఇయ్యి ఉప్పలమ్మా, ఆడమని అడగద్దు" అంది. మీ ఇంట్లో శిక్షణ పొందిన మనిషి ఆమె ఒక్కతే.

రైలు పట్నం దాటాక గూడ్సు బండి ఒకటి ఎదురొచ్చింది. ఇంతకుముందయితే డబ్బాలు లెక్కపెడుతూ కిటికీకి అతుక్కుపోయేది. మొహం ఇటు తిప్పుకుంది. నీకు నచ్చే సంగతి ఇందులో ఒక్కటీ లేదు, అయినా చదువు.

వడ్లు కల్లంలోకి వచ్చాయి. నిన్న అవ్వ కుంచం పట్టుకుని రాశి దగ్గర కూర్చుంది. ముందే ఆమెకు అంతా చెప్పాను. ఏడ్చింది, తిట్టింది. ఎవరిని తిట్టిందో నువ్వు ఊహించుకోగలవు. తర్వాత, "ఏదంటే అదే అననియ్యి. పిల్ల నోరు తెరిస్తె చాలు, అరిష్టం నేను మోస్త" అంది. ఆమె వయసుకు అది ఎంత పెద్ద మాటో నీ మాసపత్రిక చదివేవాళ్లకు అర్థం కాదు.

కుంచం సమ్మి చేతికి ఇచ్చింది. సమ్మి నింపింది, చేత్తో పైన సమం చేసింది. గోనె మీద వంచబోయి ఆగింది. కల్లం చుట్టూ చూసింది. గడ్డివాము వెనక్కి వెళ్లి చూసి వచ్చింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, చెవిలో అడిగింది:

"అమ్మా, మామ ఈడ లేడు గద?"

"లేడు బిడ్డా, తార్నాకల ఉన్నడు."

"గంత దూరం ఇనవడదా?"

"ఇనవడదు."

అప్పుడు వెళ్లి, కుంచం వంచి, మొదటి మాట అంది.

ఆ మాట ఏమిటో నీకు రాయను. దాన్ని కూడా నువ్వు వ్యాసం చేస్తావు. వినాలని ఉంటే వదినను తీసుకుని రా. కల్లంలో ఒక మూల కూర్చో. నోరు మూసుకోవడం ఈసారి నీ వంతు.

ఉప్పలమ్మ